ఊక చొక్కాతో మంచు చూడ్డానికి వెళ్ళాం

మాది ఆకివీడు పక్కన చిన్న ఊరు. మా దగ్గర చలికాలమంటే తెల్లవారుజామున ఒక దుప్పటి, ఎనిమిది దాటితే మళ్ళీ ఫ్యాను. ఇలాంటి ఊళ్ళనుంచి మంచు చూడ్డానికి వెళ్ళాలనుకునేవాళ్ళకి సంచిలో ఏం పెట్టుకోవాలో చెప్పేవాళ్ళు లేరు. మాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను. నేను ఏడో తరగతితో బడి మానేశాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట రాదు గానీ మెసేజీలైతే ఎంత పొడుగైనా కొడతాను. ఇదీ అలాగే కొడుతున్నాను.

ఈ ప్రయాణం మా తాతయ్య వల్ల మొదలైంది. తాతయ్య చేపల లారీలకి ఐసు వేసే ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు పనిచేసి మానేశాడు. ఒకరోజు టీవీలో సిమ్లాలో మంచు పడడం చూపించారు. తాతయ్య కంచం ముందు చెయ్యి అలాగే పెట్టుకుని చూశాడు. "నేను చేసిన ఐసు నలభై ఏళ్ళు చూశాను. ఎవడూ చెయ్యని ఐసు ఒక్కసారి చూడాలిరా" అన్నాడు. మా అమ్మ వెంటనే వద్దంది. కిందటేడు తాతయ్యకి నెమ్ము చేసి భీమవరం ఆసుపత్రిలో పది రోజులున్నాడు. తాతయ్య రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు అమ్మ ఒప్పుకుంది గానీ, నన్ను పక్కకి పిలిచి ఒక షరతు పెట్టింది.

"రోజూ ఫోను చెయ్యి. ఆయన ఒక్కసారి దగ్గినట్టు నాకు వినబడిందనుకో, ఎక్కడున్నా అక్కడినుంచే వెనక్కి తీసుకొచ్చెయ్యాలి. మంచు ఎదురుగా ఉన్నా సరే. ఏరా, అర్థమైందా?"

నేను తల ఊపాను. మా అమ్మకి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. తల ఊపడమే నా సమాధానం.

తరవాత సర్దుడు. మా వీధిలో చలి ప్రదేశం చూసినవాళ్ళు ఎవరూ లేరు గానీ సలహా ఇవ్వనివాళ్ళు కూడా ఎవరూ లేరు. రొయ్యల చెరువు రామరాజుగారు చెరువులో దిగే రబ్బరు బూట్లు రెండు జతలు పంపారు. పక్కింటి పిన్ని వానకోటు ఇచ్చింది. మాకు చలి అంటే తడి. వానలో తడిస్తే చలి, ఐసు మోస్తే చలి. కాబట్టి తడి తగలకుండా ఉంటే చాలనుకున్నాం. నా స్నేహితుడు శీను వాడి మెరిసే జాకెట్టు ఇచ్చాడు. జిప్పు పైకి లాగితే సర్రుమని శబ్దం వస్తుంది. దాన్ని వేసుకుని అద్దంలో చూసుకుంటే నాకే సిగ్గేసింది, అంత బాగున్నాను.

ఇవన్నీ పనిచేస్తాయో లేదో చూడాలని తాతయ్య నన్ను ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు. బూట్లు, వానకోటు, మంకీ క్యాపు అన్నీ వేసుకుని ఐసు దిమ్మలు దాచే గదిలో అరగంట కూర్చున్నాం. బయట మే నెలలాంటి ఎండ. పనివాళ్ళందరూ తలుపు దగ్గర గుమిగూడారు.

"ఏంటి బాబాయ్, సిమ్లాకేనా, చంద్రమండలానికా?" అన్నాడొకడు.

"నవ్వరా నవ్వు. నువ్వు ఏలూరు దాటితే అప్పుడు చెప్పు" అన్నాడు తాతయ్య.

నాకు చేతులు కొంచెం లాగాయి, అంతే. పాసయ్యాం అనుకున్నాం. అయినా తాతయ్యకి నమ్మకం కుదరలేదు. ఇంటికొచ్చి రెండు పాత లుంగీలు చించి, చేతుల్లేని చొక్కాల్లా కుట్టి, రెండు పొరల మధ్య వరి ఊక దట్టించాడు. ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలమీద ఊక పోసి గోనె కప్పుతారు, కరగకుండా.

"ఊక బయట వేడిని ఐసు దగ్గరికి రానివ్వదు కదా. మరి మనిషి వేడిని బయటికి పోనిస్తుందేంట్రా?" అన్నాడు.

"మావయ్యగారూ, పరువు తియ్యకండి. గాదె అనుకుని ఎలకలొస్తాయి" అంది అమ్మ.

నా ఊక చొక్కా సంచి అడుగున, తువ్వాళ్ళ కింద దాచేశాను.

జనవరి చివర్లో పొద్దున్నే ఆకివీడులో ప్యాసింజరు ఎక్కాం. మూడు గంటల్లో విజయవాడ. అక్కడ మధ్యాహ్నం ఢిల్లీ బండి. స్లీపరు టికెట్టు నాకు నాలుగు వందల పైచిలుకు, తాతయ్యకి పెద్దవాళ్ళ రాయితీ. మర్నాడు సాయంత్రం ఢిల్లీలో దిగాం. రాత్రి స్టేషనులోనే గడిపి, పొద్దున ఆరింటికి కాశ్మీరీ గేటు దగ్గర సిమ్లా బస్సు ఎక్కాం. మనిషికి రెండు వందల యాభై దాకా అయింది. పది పన్నెండు గంటల ప్రయాణం, మధ్యలో భోజనానికి ఆపుతారు. కొండ ఎక్కేటప్పుడు కడుపులో తిప్పుతుంది, నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి.

కొండలు మొదలయ్యాక తెలిసింది, ఇది మాకు తెలిసిన చలి కాదని. తడి లేదు. ఎండ కూడా ఉంది. అయినా రబ్బరు బూట్లలో కాళ్ళు ఉన్నాయో లేదో తెలియడం లేదు. శీను జాకెట్టు మెరుస్తూనే ఉంది గానీ గాలి దాన్ని అసలు లెక్కచెయ్యలేదు. తాతయ్య మాత్రం ఊక చొక్కా మీద చొక్కా, దానిమీద వానకోటు వేసుకుని హాయిగా వేరుశనగకాయలు తింటున్నాడు.

"ఒరేయ్ చిన్నోడా, నీది తీసి వేసుకోరా."

"వద్దు తాతయ్యా. నాకు బానే ఉంది."

ముందు సీట్లో నా వయసు అమ్మాయి కూర్చుని ఉంది. ఇంతకంటే వివరంగా రాయలేను.

తాతయ్య చొక్కా ఒక కుట్టు ఊడింది. కదిలినప్పుడల్లా సీటు కింద ఊక రాలుతోంది. కండక్టరు వచ్చి కిందకి చూపించి హిందీలో ఏదో గట్టిగా అడిగాడు. తాతయ్యకి లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న హిందీ ఉంది. వానకోటు తెరిచి, గుండెమీద తట్టుకుని, "చావల్ కా స్వెట్టర్" అన్నాడు. బియ్యం స్వెట్టరు అని. బస్సు మొత్తం నవ్వింది. ఆ అమ్మాయి కూడా. నేను కిటికీ వైపు తిరిగాను.

సాయంత్రం ఐదింటికి సిమ్లా చేరాం. మూడు వందలకి గది దొరికింది, కప్పుకోడానికి రజాయిలు, అంటే దూది కుట్టిన మందపాటి దుప్పట్లు, ఇచ్చారు. ఊళ్ళో ఎక్కడా మంచు లేదు. గది కుర్రాడు, రేపు కుఫ్రీ వెళ్ళండి, పదహారు కిలోమీటర్లు, అక్కడ ఖాయంగా ఉంటుందన్నాడు. తాతయ్య ముఖం వెలిగిపోయింది. అమ్మకి చెబుదామంటే నా సెల్లుకి బయట రాష్ట్రాల్లో చార్జీ ఎక్కువ, అందుకే ఎస్టీడీ బూతుకి వెళ్ళాం. ఫోను తీసి "అమ్మా" అన్నాను. ఆ వెంటనే దగ్గొచ్చింది. నాకే. ఒకటి కాదు, నాలుగు.

"అయిపోయింది. మావయ్యగారికి మొదలైంది కదా? రేపు పొద్దున్నే బస్సెక్కండి" అంది అమ్మ.

"అమ్మా, అది నేను."

"ఆయన చెప్పమన్నారా అలాగ? ఫోను ఆయనకివ్వు."

తాతయ్య ఫోను తీసుకుని, గుండెనిండా గాలి పీల్చి, "ఆయ్, నాకేం లేదమ్మా!" అని అరిచాడు. అంత అరిస్తే ఎవరి గొంతైనా బొంగురుపోతుంది.

"విన్నాను లెండి గొంతు. ఇంక మాటల్లేవు" అంది అమ్మ. ఆ మాట పక్కనున్న నాకూ వినబడింది.

తాతయ్య ఫోను నా చేతిలో పెట్టి బయట మెట్టుమీద కూర్చున్నాడు. టీవీ ముందు కంచం దగ్గర కూర్చున్నట్టే. నేను ఫోను పట్టుకుని, నా జీవితంలో మొదటిసారి, అరిచాను.

"అమ్మా! దగ్గింది నేనే! తాతయ్య ఊక చొక్కా ఇస్తే సిగ్గేసి వేసుకోలేదు! బస్సులో అమ్మాయుంది! ఆయనకి చెమట పడుతోంది, నాకే రొంప పట్టింది! రేపు మంచు చూసే వస్తాం!"

వెనక వరసలో నలుగురున్నారు. వాళ్ళకి తెలుగు రాకపోవడం ఆ రోజు దేవుడు చేసిన మేలు. బిల్లు మీటరు తిరుగుతూనే ఉంది.

"ఊక పనిచేస్తోందా నిజంగా?" అంది అమ్మ చివరికి.

"చేస్తోంది."

"అయితే నువ్వూ వేసుకో, వెధవా. చూసేసి ఎల్లుండి బయలుదేరండి." పెట్టేసే ముందు, "ఎవర్రా ఆ అమ్మాయి?" అంది. నేను ఫోను పెట్టేశాను.

మర్నాడు తొమ్మిదింటికి బస్సులో కుఫ్రీ వెళ్ళాం. అక్కడే ఉన్ని కోట్లు, బూట్లు అద్దెకిస్తున్నారు, జత యాభై. చెరువు బూట్లు ఆకివీడు నుంచి మోసుకొచ్చినందుకు బాధేసింది. నేను ఊక చొక్కా వేసుకున్నాను. పావుగంటలో ఒళ్ళు వెచ్చబడింది. ఒప్పుకోక తప్పలేదు. పైకి గుర్రాలమీద తీసుకెళ్తారు, బేరమాడితే మనిషికి నూట యాభై. మేం బేరమాడుతుండగానే ఒక గుర్రం, ఆ రోజు ఊక చొక్కా అన్నిటికీ పైన వేసుకున్న తాతయ్య వెనక చేరి, ఊడిన కుట్టులోంచి ఊక లాగడం మొదలుపెట్టింది. "ఓయ్, ఇది మేత కాదే, నా ప్రాణం!" అని తాతయ్య పరుగు. గుర్రంవాడు నవ్వి నవ్వి పది రూపాయలు తగ్గించాడు.

పైన మంచుంది. కొండవాలు అంతా తెల్లగా. తాతయ్య గుర్రం దిగి, చెప్పకుండా ముందుకి నడిచి, వంగి గుప్పెడు తీసుకున్నాడు. వాసన చూశాడు. నొక్కాడు. నాలికమీద వేసుకున్నాడు.

"అమ్మోనియా వాసన లేదు" అన్నాడు. ఫ్యాక్టరీలో నీళ్ళు గడ్డకట్టించేది ఆ గ్యాసే. తరవాత, "గట్టిగా లేదురా. ఐసు నలిపే క్రషర్లోంచి పడ్డ తుక్కులా ఉంది. దీన్ని వేసి పంపితే రొయ్య ఏలూరు దాటదు."

నేను నవ్వాను. తాతయ్య నవ్వలేదు. చుట్టూ చాలాసేపు చూశాడు.

"నలభై ఏళ్ళు కరెంటు పోద్దేమోనని సరిగ్గా పడుకోలేదురా. ఇంత ఐసు, మోటారు లేదు, కాపలా లేదు. ఎంత నిశ్చింతగా పడుందో చూడు."

అప్పుడు మబ్బు తొలగి ఎండ వచ్చింది. తాతయ్య చెయ్యి తనంతట తాను చొక్కాలోకి వెళ్ళింది. గుప్పెడు ఊక తీసి, కాళ్ళ ముందున్న చిన్న మంచు కుప్పమీద సమంగా చల్లాడు. దిమ్మలమీద చల్లినట్టే. చుట్టూ కొండ మొత్తం తెల్లగా ఉంటే, ఆ ఒక్క కుప్పని కాపాడి, చేతులు దులుపుకుని, "పదరా, మీ అమ్మ కంగారుపడుతుంది" అన్నాడు.

తిరిగొచ్చి నెల దాటింది. నా రొంప మొన్నటిదాకా ఉంది, తాతయ్య ఒక్కసారీ దగ్గలేదు. చలికి ఏం కావాలో మా ఇంట్లోనే ఒక మనిషికి తెలుసు. అద్దంలో బాగుండదని నేనే వినలేదు. ఎస్టీడీ బూతులో అరిచిన రోజునుంచి అమ్మతో కొంచెం మాట్లాడగలుగుతున్నాను. శీనుకి జాకెట్టు తిరిగిచ్చేశాను. మీరు వెళ్తుంటే కోట్లు, బూట్లు కొనకండి, మోయకండి, అక్కడే అద్దెకి దొరుకుతాయి. లోపల మాత్రం వదులుగా ఉండే చొక్కాలు రెండు మూడు వేసుకోండి. ఊక చొక్కాయే కుట్టించుకుంటే అంచులకి రెండు వరసల కుట్టు వేయించండి. ఒక వరసైతే గుర్రాలు వెంటపడతాయి.