మార్చి ఇరవై మూడున ఇంకొకటి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాళ్లతో వాదానికి దిగే మనిషిని నేను. ఏడో తరగతితో బడి మానేసినా, యెమ్మిగనూరు గ్రంథాలయంలో సైన్సు పుస్తకాల బీరువా మొత్తం చదివాను. చరిత్ర బీరువా అయితే రెండుసార్లు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, తాయెత్తు సంగతి తర్వాత, ముందు డాక్టరుకు చూపించండని చెప్పేది నేనే. ఇప్పటికీ అదే చెబుతాను. అందుకే ఈ సంగతి రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

ఆదోనిలో ఒక పత్తి మిల్లులో బేళ్లు మోసే పని నాది. పొద్దున యెమ్మిగనూరు నుంచి బస్సులో పోయి సాయంత్రం తిరిగొస్తాను. మిల్లు గేటు ఎదురుగా ఖాజా టీ బండి ఉంది. పనిలోకి దిగే ముందు అక్కడ నిలబడి, ఆ తేదీన చరిత్రలో ఏమేం జరిగిందో తోటివాళ్లకు చెప్పడం నా అలవాటు. ముందురోజే గ్రంథాలయంలో చూసి పెట్టుకుంటాను. దాంతో నాకు తేదీలప్ప అని పేరు పడింది.

"ఏం తేదీలప్పా, ఈ పొద్దు ఎవురు పుట్టినారు, ఎవురు సచ్చినారు?" అని అడగనిదే ఖాజా టీ పోయడు.

నా తమ్ముడు ఈరన్న కూడా ఆ మిల్లులోనే పనిచేసేవాడు. వాడికి పుస్తకాల మీద ధ్యాస లేదు. నేను యుద్ధాలూ ఒప్పందాలూ చెప్పి ముగించగానే వెనక నుంచి ఒక మాట వేసేవాడు.

"ఇంగొకటి మరిసినావున్నా. మన ఎనుము ఈనింది గూడా ఈ పొద్దే."

ఇంకోరోజు, నేను సైకిలు మీంచి బురదలో పడింది కూడా ఆ పొద్దే అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నాకు కోపం వచ్చేది. కానీ మరుసటి ఏడు అదే తేదీ వస్తే నాకు ఒప్పందం గుర్తుండేది కాదు, మా గేదె ఈనడమే గుర్తొచ్చేది.

ఒక ఏడు వానలు లేక పత్తి సరిగా రాలేదు. మిల్లులో పని తగ్గింది. కార్తీకంలో ఈరన్న సుగ్గికి పోయాడు. కూలి కోసం గుంటూరు వైపు పత్తి తీతలకు, మిరపకాయ కోతలకు గుంపుగా పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. ఉగాదికి అందరూ తిరిగొచ్చారు. వాడు రాలేదు. శివరాత్రికి ముందే, వేరే చోట మంచి కూలి ఉందని ఎవరో చెబితే లారీ ఎక్కి పోయాడన్నారు. ఏ లారీయో, ఏ ఊరో ఎవరికీ తెలియదు. పోలీసులకు చెప్పాం. నేను పోయి వెతికాను. వాడి ఫోను కొన్నాళ్లు మోగింది. తర్వాత మోగడం కూడా మానేసింది.

మా అమ్మకు తేదీలతో పని లేదు. ఆమె లెక్కంతా అమావాస్యలు, పున్నములు, పీర్ల పండగ. భాద్రపదంలో పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్లకు బట్టలు పెట్టి, ఇష్టమైనవి వండి విస్తరిలో వడ్డిస్తాం. ఏ దినాన పోయారో తెలియనివాళ్లకూ ఆ రోజే. వాడు కనిపించకుండా పోయిన రెండో ఏడు మా చిన్నాయన మెల్లగా అన్నాడు.

"వదినా, ఈరన్నకు గూడా ఒగ ఇస్తరి ఎయ్యి."

అమ్మ చేతిలో గంటె కింద పెట్టేసింది.

"దినము తెలీనోడు సచ్చినోడు గాదు. నా కొడుకును పెద్దోళ్లలో కలపొద్దు."

వాడు విడిచిపోయిన నీలం గళ్ల చొక్కా ఒకటి ఆమె ట్రంకుపెట్టెలో ఉండేది. ఎవరినీ ఉతకనిచ్చేది కాదు. అందులో వాడి వాసన ఉందనేది.

మూడో ఏడు, మార్చి ఇరవై మూడు. ఎప్పటిలాగే టీ బండి దగ్గర చెబుతున్నాను. లాహోరు జైల్లో ముగ్గురు యువకులను ఉరితీసింది ఈ రోజేనని, మీర్ అనే రష్యా అంతరిక్ష కేంద్రాన్ని సముద్రంలో కూల్చింది కూడా ఈ రోజేనని చెప్పాను.

"మీర్ అంటే మావోడేనా భాయ్?" అన్నాడు ఖాజా.

"సముద్రంలో ఏసే బదులు ఈడ ఏసుంటే పాతినుముకు అమ్ముకుందుము గదప్పా" అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య, నా ఎడమ భుజం వెనక నుంచి వినిపించింది.

"ఇంగొకటి మరిసినావున్నా. నేను పోయింది గూడా ఈ పొద్దే."

ఖాజా తల వంచుకుని గ్లాసులో టీ పోస్తున్నాడు. తల ఎత్తకుండానే, "అరె ఈరన్నా, ఎప్పుడొస్తివి?" అన్నాడు.

నేను తిరిగి చూశాను. మిల్లు గోడ, దాని నీడలో రెండు మేకలు. అంతే. ఖాజా కూడా తలెత్తి చూశాడు. గ్లాసు నిండి టీ అతని వేళ్ల మీద కారుతోంది. మిగతావాళ్లను అడిగాం. తమకేమీ వినిపించలేదన్నారు.

మా మాటలో పోవడమంటే ఊరికి పోవడం కూడా. బేళ్లు మోస్తున్నంతసేపూ ఆ అర్థాన్నే పట్టుకున్నాను. కానీ వాడు ఇల్లు విడిచింది కార్తీకంలో. లారీ ఎక్కింది శివరాత్రికి ముందు. మార్చి ఇరవై మూడుకు ఇంకే పోవడమూ మిగల్లేదు.

సాయంత్రం ఖాజా నా పక్కకొచ్చి, "అమ్మకు సెప్తావా భాయ్?" అన్నాడు.

"సెప్పను" అన్నాను. దినం తెలియకపోవడం ఒక్కటే ఆమెకు మిగిలిన ఆశ. దాన్ని నా నోటితో తీసేయలేను. బస్సులో దారంతా ముఖం మామూలుగా పెట్టుకోవడం ఎలాగా అని ఆలోచించాను.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. వాకిట్లో తీగ మీద నీలం గళ్ల చొక్కా ఆరేసి ఉంది. బాగా ఉతికి, కాలరు సాగదీసి వేసింది. అమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"పెద్దోడా, ఈ పొద్దు తేదీ ఎంత?"

నాకు బుద్ధి తెలిశాక ఆమె నన్ను తేదీ అడగడం అదే మొదటిసారి.

"ఇరవై మూడు."

"ఏ నెల?"

"మార్చి."

పెదవులు కదిలిస్తూ ఆ మాటలు తనలో తాను అనుకుంది. "గ్యాపకం పెట్టుకో నాయనా. నాకు నిలవదు" అంది.

ఎందుకమ్మా అన్నాను. అడగొద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆ భాద్రపదంలో ఎవరూ చెప్పకుండానే ఈరన్నకు కూడా విస్తరి వేసింది.

బాగా అలవాటైన గొంతును మనసు తనంతట తానే వినిపిస్తుందని చదివాను. నా చెవి సంగతి అలా సర్దుకోవచ్చు. ఖాజాకూ ఆ మాట అలవాటే. చొక్కా ఏదో ఒక రోజు ఉతకాల్సిందే. విడివిడిగా అన్నిటికీ జవాబులున్నాయి. కానీ నేను బస్సెక్కి పోయిన కాసేపటికే అమ్మ ఆ చొక్కా పట్టుకుని బయటికొచ్చిందని పక్కింటామె చెప్పింది. ఖాజాను మా అమ్మ ఎన్నడూ చూడలేదు. ఆ రోజు ఎవరూ ఎవరికీ ఫోను చేయలేదు. ఇవన్నీ ఒకే పొద్దున ఎలా కలిశాయో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అమ్మను మళ్లీ అడగలేదు. ఆమె చెప్పలేదు.

చరిత్రలో ప్రతి తేదీ పక్కనా ఒక సంవత్సరం ఉంటుంది. మా వాడి తేదీ పక్కన అది లేదు. ఏ ఏడు మార్చి ఇరవై మూడో తెలియదు. ఆ రోజు కూడా నేను టీ బండి దగ్గర నిలబడి ఎవరెవరివో చావులు చెప్పే ఉంటాను. అందరం నవ్వే ఉంటాం.