మార్చిలో తీసిన డిసెంబర్

మొన్న జనగామలో మా వీధి చివరి బడివాళ్లు పాత ఫోటోల ప్రదర్శన పెడుతున్నామని వచ్చి, నా దగ్గరున్నవాటిలో ఊరివి సగం, అడవివి సగం ఇమ్మన్నారు. ముప్పై ఏళ్లు స్టూడియో నడిపి షట్టరు దించేసినవాణ్ణి ఎవరైనా గుర్తుపెట్టుకుని అడగడమే గొప్ప. సంబరంగా డబ్బాలు దింపాను. తీరా చూస్తే ప్రతి ఫోటో కిందా ఎక్కడ తీసిందీ, ఏ నెలలో తీసిందీ రాసివ్వాలట. ఊరి ఫోటోలకు చకచకా రాసేశాను. అడవి ఫోటోల్లో ఒక కొండెంగ, అదే కొండముచ్చు, దగ్గర మాత్రం పెన్ను ఆగిపోయింది. బండ మీద కూర్చుని నావైపు అదోలా చూస్తోంది. మూలన ఎర్ర అంకెల్లో డిసెంబర్ తారీఖు పడి ఉంది. ఆ తారీఖు అబద్ధం. ఆడించింది నేనే, పాపం దానికేమీ తెలియదు.

ఊరి ఫోటో తీయడం నాకెప్పుడూ తేలికే. స్టేషన్ రోడ్డులో నిలబడి ఊరికే నొక్కినా ఏదో ఒకటి పడుతుంది. మిర్చి బండి, టోపీ సర్దుకుంటున్న ట్రాఫిక్ కానిస్టేబుల్, ఆటోలో మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్న అవ్వ. పైగా గోడ మీది సినిమా పోస్టరు చూసి ఏ ఏడాదో, ఫ్లెక్సీ మీద నాయకుల వరస చూసి ఏ నెలో చెప్పేయొచ్చు. అడవికి ఆ గొడవ లేదనుకునేవాణ్ణి. చెట్టు నిన్న ఉంది, రేపూ ఉంటుంది, దానికి తారీఖేమిటని నా లెక్క. స్టూడియో పరదా మీద వేయించిన జలపాతం ఇరవై ఏళ్లుగా ఒకేలా పారుతుంటే నాబోటివాడికి ప్రకృతి గురించి అంతకంటే జ్ఞానం ఎక్కణ్ణుంచి వస్తుంది? అయినా కోరిక మాత్రం ఉండేది. భూపాలపల్లి అడవికి పోయి పిట్టల ఫోటోలు తీస్తానని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. పోయింది లేదు. పెళ్లిళ్ల పనులు తీరిక ఇచ్చేవి కావు. అవి లేనప్పుడు పోలీసులు పిలిచేవారు. పట్టాల మీద గుర్తు తెలియని శవం దొరికితే పంచనామా ఫోటోలకు నేనే పోవాలి, రానని చెప్పడానికి లేదు. అలా ఎస్సైకి నేను బాగా తెలిసినవాణ్ణయ్యాను.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లన్నీ రోడ్ల మీదికి వచ్చిన ఏడాది అది. మా అక్క భర్త, అంటే మా బావ, మానుకోటలో ఉంటూ నర్సింహులపేట వైపు సర్కారు బడిలో పాఠాలు చెప్పేవాడు. ఆయనంత జాగ్రత్త మనిషిని నేను చూడలేదు. పచ్చి సంతకం మీద రెండుసార్లు ఊదిగానీ కాగితం మడిచేవాడు కాదు. అలాంటివాడు డిసెంబర్‌లో రైల్ రోకో అనగానే ముందురోజు సాయంత్రమే మా ఇంట్లో దిగాడు. బడిలో జ్వరమని చెప్పాడట, అక్కకు ఏదో ట్రైనింగ్ అని చెప్పాడట. మానుకోటలో అయితే అందరూ సారు అని గుర్తుపడతారు, జనగామలో తననెవరు ఎరుగుతారని ఆయన ధైర్యం. బామ్మర్ది ఫోటోగ్రాఫరన్న సంగతి ఆ ధైర్యంలో మరిచిపోయినట్టున్నాడు.

మర్నాడు స్టేషన్లో జనం పట్టాల మీద కూర్చున్నారు. ఆగిపోయిన ఇంజన్ మీదికి కుర్రాళ్లు కొందరు ఎక్కారు. ఎవరో జెండా అందిస్తున్నారు, పైనుంచి ఒక చెయ్యి అందుకుంది. చూద్దును గదా, మా బావ! ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, నోరంతా తెరిచి నినాదం. నాకు తెలియకుండానే వేలు నొక్కింది. ముప్పై ఏళ్లలో నేను తీసిన మంచి ఫోటో ఏదంటే అదే. అలా వెలిగిపోతున్న మొహం పెళ్లికొడుకుల్లో కూడా చూడలేదు. ఒక ప్రింటు తీసి ఆయనకు రహస్యంగా ఇచ్చాను.

శివరాత్రి దాటిన వారం ఎస్సై పిలిపించాడు. రైలు కేసులో మనుషుల్ని గుర్తుపట్టాలి, ఆ రోజు నువ్వు తీసిన ఫోటోలన్నీ తెచ్చివ్వు అన్నాడు. ఇస్తే బావ ఉద్యోగం పోతుంది. అప్పటికే ఇంకో ఊళ్లో ఒక పంతులును సస్పెండ్ చేశారు. ఇవ్వనంటే దుకాణంలో కంప్యూటరు పట్టుకుపోతారు. నోటికి వచ్చింది అనేశాను, ఆ రోజు ఊళ్లో లేను సార్, భూపాలపల్లి అడవిలో పిట్టల ఫోటోలు తీస్తున్నాను అని. ఏళ్ల తరబడి అందరికీ చెప్పుకున్న మాట కదా, తడబడకుండా వచ్చింది. ఎస్సై పెన్ను కిందపెట్టాడు. అయితే మంచిదే, తారీఖు పడ్డ ఆ ఫోటోలు పట్టుకురా, నువ్వు ఊళ్లో లేవని పైకి రాసేస్తాను అన్నాడు. నాలుగు రోజులు గడువిచ్చాడు. ఆ రోజు నన్ను పట్టాల దగ్గర వందలమంది చూశారు. ఒక్కరూ చెప్పరని తెలుసు. అయినా బజారులో ఎవరు పలకరించినా ఏదో పనున్నట్టు ముందుకు నడిచేవాణ్ణి.

బావకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన అన్నాడు. "తీసెయ్యి బామ్మర్ది. నౌకరి పోతే పిల్లల సదువులు ఆగుతయ్. నా తాన ఉన్నది నేను కాలవెడ్త." పట్టపగలు షట్టరు సగం దించి ఆ రోజు ఫోటోలన్నీ చెరిపేశాను. బావ మొహం దగ్గర వేలు కాస్త ఆగింది, అంతే. ఆయన తన ప్రింటును నీళ్లు కాగే పొయ్యిలో వేశాడట. ఏంది కాలుతున్నదని అక్క అడిగితే పాత కాయితాలన్నాడట.

ఇక కెమెరాలో తారీఖు వెనక్కి తిప్పి, నా పాత బండి మీద బయలుదేరాను. పెద్ద రోడ్డు మీద బంద్ అంటే చుట్టుతిరిగి టేకుమట్ల మీదుగా పోయాను. అక్కడా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బండి ఆపి, కూర్చోబెట్టి, విస్తట్లో అన్నం పప్పు పెట్టారు. కెమెరా చూసి, జర మా ఫోటో తియ్యన్నా అన్నారు. నా కెమెరాలో ఇంకా డిసెంబరే నడుస్తోంది. ఈ జనం అందులో పడితే నా పని అయిపోతుంది. బ్యాటరీ అయిపోయిందని చెప్పాను. పాపం, నమ్మి ఇంకో గంటె పప్పు వేశారు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అడవిలో మాత్రం, నిజం చెబుతున్నాను, ఒక గంటసేపు భయం మరిచిపోయాను. ఎటు చూసినా మోదుగు చెట్లే. ఒక్క ఆకు లేదు, అంతా ఎర్రని పువ్వే. కొమ్మ కొమ్మకూ పిట్టలు. వెర్రివాడిలా తీస్తూ పోయాను. పిట్ట వెనక మోదుగు, చెరువు పక్కన మోదుగు, మోదుగు కింద మోదుగు రాలిన నేల. పరదా ముందు బతికినవాడికి అడవి మొదటిసారి దొరికితే ఇంకేం చేస్తాడు?

ప్రింట్లు పట్టుకుపోవడానికి స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. గార్ల దగ్గరి తండా అబ్బాయి. ఫోన్లో ఇంటివాళ్లతో తమ భాషలో మాట్లాడుకుంటూ నింపాదిగా ఒక్కో ఫోటో తిరగేశాడు. ఫోన్ పెట్టేసి, తలుపు వైపోసారి చూసి, మెల్లగా అడిగాడు. "అన్నా, డిసెంబర్ల మోదుగు పూస్తదా?"

హోళీ రంగుకు చిన్నప్పుడు ఆ పూలే ఉడకబెట్టినవాణ్ణి. చలి పోయాకగానీ అది పూయదని తెలియనివాణ్ణి కాదు. కెమెరాలో నెల తిప్పానేగానీ చెట్టును ఎవడు తిప్పుతాడు? ఆ అబ్బాయి నా బల్ల మీద ఫోటోల్ని రెండు కుప్పలు చేయడం మొదలుపెట్టాడు. పువ్వున్నవన్నీ ఒకపక్కకు తీసేశాడు. చెరువు ఫోటో కూడా పనికిరాదన్నాడు, డిసెంబర్‌లో అయితే నీళ్లు కట్ట దాకా ఉండాలట. ఇప్పచెట్టు ఆకు రాల్చింది, అదీ తీసేశాడు. చివరికి అంత అడవిలోంచి నాకు సాక్ష్యం చెప్పడానికి నాలుగు బండలూ ఒక కొండెంగా మిగిలాయి.

నీకెందుకయ్యా ఈ ముప్పు అని అడిగాను. ఫోటోలు కవర్లో పెట్టుకుంటూ అన్నాడు. "నాకు మాత్రం పట్టాలెక్కాలని లేకుండెనా అన్నా? గీ బట్టలు ఎక్కనియ్యలే." అంతే, బండెక్కి వెళ్లిపోయాడు. ఎస్సై మళ్లీ నన్ను ఆ సంగతి అడగలేదు. నేను ఊళ్లో లేనట్టు కాగితాల మీద ఖాయమైంది.

రాష్ట్రం వచ్చింది. బావ రిటైరయ్యాడు. పోయినేడు మానుకోట పోతే భోజనాల దగ్గర మా మేనల్లుడు అందరి తండ్రుల గొప్పలూ చెబుతూ, మా బాపు మాత్రం ఉద్యమంల ట్రైనింగుకు పోయిండు అని నవ్వాడు. ఇంజనెక్కిన్రా నేను అని బావ అన్నాడు. అక్క పడీ పడీ నవ్వింది. అటక మీది బిందె దింపడానికి స్టూలు ఎక్కినోడు కాదు, ఇంజనెక్కిండట అంది. బావ నావైపు చూశాడు. మొత్తం చెప్పాను, స్టేషనూ, జెండా, జేబులో రెండు పెన్నులతో సహా. మేనల్లుడు శ్రద్ధగా విని, మరి ఫోటో ఏది మామా అన్నాడు. లేదన్నాను. బావను వెనకేసుకొస్తున్నానని అందరూ మళ్లీ నవ్వారు.

చేతులు కడుక్కునే చోట బావ నా పక్కన నిలబడ్డాడు. "నౌకరి నిలవెట్టినవ్, కాదన. కని నా బతుకుల భయం లేకుండ ఉన్నది గా ఒక్క దినమే బామ్మర్ది," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నీళ్లు మొహాన కొట్టుకున్నాను. ఆ రోజు మేం అక్కడ లేమని ఇద్దరం కలిసి కాలాన్ని నమ్మించాం. కాలం ఇప్పటికీ మా మాట మీదే నిలబడి ఉంది, కొండెంగ ఫోటో మూలన ఎర్ర అంకెలతో సహా.