కోబేలో దొరికిన మూడో పేట

కరోనాకు ముందటి ఏడాది, చలికాలం మొదలవుతుండగా, జపాన్‌లోని కోబే నగరానికి వెళ్ళాను. పేరుకు అక్కడ జరిగే నగల ఎగ్జిబిషన్ కోసం. పాతబస్తీ ముత్యాల వ్యాపారులం కొందరం కలిసి బయల్దేరాం. నా అసలు పని మాత్రం చొక్కా లోపలి జేబులో, చిన్న మఖ్మల్ సంచిలో ఉంది. అది తెగిపోయిన ఒక హారం తాలూకు గుప్పెడు ముత్యాలు.

ఆ హారం మా దుకాణానికి పాత ఖాతాదారైన లక్ష్మమ్మ పెద్దమ్మది. వాళ్ళది ఫలక్‌నుమా, ఆమె భర్త రైల్వేలో పనిచేసేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన మా బాపు దగ్గర మూడు పేటల ముత్యాల హారం కొన్నాడు. భర్త పోయాక కూడా ఆమె ఏటా బోనాలకు ఆ హారం వేసుకునేది. ఒక ఏడు జాతర తోపులాటలో ఒక పేట తెగి, ముత్యాలు జనం కాళ్ళ కింద పడ్డాయి. ఏరగలిగినన్ని ఏరి, కొంగున ముడేసుకుని మా దుకాణానికి వచ్చింది.

“మీ బాపు నాకు మాటిచ్చిండు బిడ్డా. ఎప్పుడు తెగినా జత నేను కుదురుస్త అన్నడు. ఇప్పుడు ఆయన లేకపాయె. మరి మాట ఉన్నట్టా, పోయినట్టా?”

“ఉన్నట్టే పెద్దమ్మా,” అన్నాను. దుకాణంలో నోరు జారే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. ఆ రోజు నాకు జారింది.

జత కుదిరేదాకా రెండు పేటలే వేసుకోమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “ముగ్గురు కూసునే పీట మీద ఇద్దరే కూసున్నట్టుంటది. మూడోది దొరికినంకనే మెడకేసుకుంట. లేకుంటే లేదు.” అన్నట్టే ఆ తర్వాత బోనాలకు బోసిమెడతో వెళ్ళింది. మరుసటి ఏడూ అంతే. ప్రతిసారీ మా దుకాణం ముందు ఆగి, లోపలికి తొంగిచూసి, ఏమీ అడగకుండా పోయేది. అడిగి ఉంటే ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి.

జత కుదర్చడాన్ని మా వ్యాపారంలో మ్యాచింగ్ అంటాం. సైజు కుదరడం తేలిక. కుదరనివి రెండు. ఒకటి లస్టర్, అంటే ముత్యం లోపలి నుంచి వచ్చే మెరుపు. రెండోది ఓవర్‌టోన్, అంటే తెలుపు మీద పల్చగా తేలే ఛాయ. ఏళ్ళ తరబడి మనిషి మెడను అంటుకుని ఉన్న ముత్యం మీగడ రంగుకు తిరుగుతుంది. దాని పక్కన కొత్త ముత్యం పెడితే సున్నం వేసిన గోడలా తెల్లగా కొడుతుంది. మా ముత్యాల బజారు పత్తర్‌గట్టీలో నేను అడగని దుకాణం లేదు. ఆ పాత ముత్యాలు జపాన్ నుంచి వచ్చినవే కాబట్టి ఇక మిగిలింది కోబే.

ఎగ్జిబిషన్‌లోనూ అంతా కొత్త సరుకే. ఊళ్ళో పాత వ్యాపారులు ఎక్కడున్నారో చూపించే మనిషి కోసం హోటల్లో అడిగాను. ఊరు చూపించడానికి స్వచ్ఛందంగా వచ్చే పెద్దవాళ్ళు ఉన్నారని, దారి ఖర్చులు పెట్టుకుంటే చాలని చెప్పారు. ఆ మాట వినగానే ఇంకో ప్రశ్న అడగకుండా ఒప్పుకున్నాను. అలా వచ్చింది హరుకో గారు. రిటైరైన బడి పంతులమ్మ. ఆమె ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ ముక్కలే కాబట్టి ఎవరికీ సిగ్గు లేకపోయింది.

కోబేకు ఉత్తరాన కొండలు, దక్షిణాన సముద్రం. మధ్యలో సన్నటి పట్టీలా ఊరు. అక్కడివాళ్ళు దారి చెప్పేటప్పుడు కుడి ఎడమలు అనరు, కొండవైపు, సముద్రంవైపు అంటారు. చార్మినార్ ఏ పక్కన ఉందో చూసుకుని దారి చెప్పే ఊరివాణ్ణి, నాకది వెంటనే అర్థమైంది. హరుకో గారు మొదట ఒక గుడికి తీసుకెళ్ళి, దాని ముందు నీళ్ళతో చేతులు కడుక్కునే పద్ధతి చూపించింది. లోపల రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలట. నేను పెద్దమ్మ ముత్యాల కోసం మొక్కుకున్నాను. రేవు దగ్గర వెనకటి పెద్ద భూకంపంలో విరిగిన గట్టును కొంతమేర బాగుచేయకుండా అలాగే ఉంచారు. హరుకో గారు అక్కడ ఆగి తల వంచి మొక్కింది.

“ముత్యాలు ఈ సముద్రంలో దొరుకుతాయా?” అని అడిగాను.

“లేదు. వేరే ఊళ్ళ నుంచి వస్తాయి. ఇక్కడ ఏరుతారు, అంతే. కొండ మీది నుంచి వచ్చే ఉత్తరపు వెలుగు ఏరడానికి మంచిది.”

సముద్రమే లేకుండా ముత్యాల ఊరని పేరు తెచ్చుకున్న హైదరాబాద్ వాణ్ణి. నాకు నవ్వొచ్చింది.

ఆమె నన్ను కొండవైపు ఒక సందులోకి తీసుకెళ్ళింది. మేడ మీద పాత ముత్యాల వ్యాపారి ఒగావా గారి గది. ఉత్తరం గోడంతా కిటికీ, దాని ముందు తెల్లగుడ్డ పరిచిన బల్ల. ఆయన నా ముత్యాలను ఆ గుడ్డ మీద దొర్లించి చూసి, లోపలి నుంచి ఒక ట్రే తెచ్చాడు. తెలుపు కోసం బ్లీచింగ్ చేయని వెనకటి సరుకు. అదే మీగడ, అదే మెరుపు.

మా లాడ్ బజార్‌లో గాజులు కొనడానికి అమ్మ వెంట వెళ్ళిన రోజుల నుంచీ నేను నేర్చిన విద్య ఒకటుంది. సరుకు ఎంత నచ్చితే అంత ముఖం చిట్లించాలి. నేను పెదవి విరిచాను. రంగు మాడింది, మెరుపు చచ్చింది, ఇది పాతబడిన సరుకు అన్నాను. హరుకో గారు నావైపు ఒకసారి చూసి ఆయనకు జపనీసులో అలాగే చెప్పింది.

మా దగ్గరైతే ఇప్పుడు అవతలివాడు ఒట్లు పెట్టుకోవాలి. ఒగావా గారు ట్రే మీద మూత పెట్టేశాడు.

“అంత దూరం నుంచి వచ్చిన మీకు చెడ్డ సరుకు చూపించినందుకు క్షమించమంటున్నారు,” అంది హరుకో గారు.

సరే, ఇక రెండో విద్య. లేచి నడవడం. నాలుగడుగులు వేసేసరికి “ఆవో భాయ్, ఆఖరీ బాత్ సునో” అని వెనక్కి పిలిచి చివరి ధర చెప్పే కేక రావాలి. రాలేదు. ఆయనే మాతో పాటు మెట్లు దిగి, వాకిట్లో నిలబడి నడుము వంచి నమస్కారం పెట్టాడు. సందు మధ్యలో వెనక్కి చూశాను, ఇంకా ఉన్నాడు. మలుపు దగ్గర చూశాను, ఇంకా వంగే ఉన్నాడు.

“చూశారా, పిలవబోతున్నాడు,” అన్నాను సంతోషంగా.

“పిలవడం లేదు. సాగనంపుతున్నారు. అతిథి కనుమరుగయ్యేదాకా నిలబడడం మా పద్ధతి.” ఆమె నావైపు తిరిగి అడిగింది: “ఆ ముత్యాలు నిజంగా బాగాలేవా?”

“చాలా బాగున్నాయి.”

“మరి బాగాలేవని ఎందుకన్నారు?”

“మా ఊళ్ళో నచ్చితే అలాగే అంటాం.”

ఆమె చాలాసేపు ఆలోచించింది. “అయితే మీ ఊళ్ళో పెళ్ళిచూపులు ఎలా జరుగుతాయి?”

హోటల్‌కు చేరి, ఊళ్ళో దుకాణం చూసుకుంటున్న అన్నకు ఫోన్ చేశాను.

“దొరికినయ్ అన్నా. కానీ నేనే పోగొట్టిన.”

“బేరం చేసినవా?”

“చేసిన.”

“దేవునికి కొబ్బరికాయ కొట్టమంటే సగం చెక్కకే ఒప్పిద్దమని చూస్తవు నువ్వు! రేపు పోయి ఆయన కాళ్ళన్న మొక్కు. పెద్దమ్మ పొద్దుగాల్నే వచ్చి దుకాణం ముంగట నిలబడి పోయింది.”

మరునాడు మళ్ళీ వెళ్ళాం. హరుకో గారు ఒగావా గారితో జపనీసులో ఏదో చెప్పింది. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

“ఏం చెప్పారు?”

“మీ ఊరి మర్యాద గురించి చెప్పాను. నాకూ నమ్మడం కష్టంగా ఉందని చెప్పాను.”

నేను పెద్దమ్మ సంగతి, బాపు ఇచ్చిన మాట సంగతి చెప్పాను. ఆయన విని, ట్రే తెచ్చి గుడ్డ మీద ఒంపి, కిటికీ ముందున్న తన కుర్చీ నావైపు జరిపాడు. నన్నే ఏరుకోమన్నాడు.

కూర్చోగానే మా దుకాణం మేడ గుర్తొచ్చింది. అక్కడా ఉత్తరం కిటికీయే. బాపు తెల్లధోతి ముక్క పరిచి, అరచేతితో ముత్యాలు దొర్లిస్తూ అనేవాడు: “ఎండల చూడకు బిడ్డా, అన్నీ ఒక్కతీరుగనే కనవడ్తయ్. గీ కిటికీ కాడికి రా.” ఆయన పోయాక ఆ కిటికీకి అడ్డంగా అట్టపెట్టెలు పేర్చాం. కింద ట్యూబ్‌లైట్ల వెలుగులో వ్యాపారం చేస్తున్నాం. ఎన్నేళ్ళయిందో నా వేళ్ళు ఆ పని చేసి. అయినా వాటికి గుర్తుంది. మధ్యాహ్నం దాటేసరికి పేట కుదిరింది.

ఒగావా గారు ధర చెప్పాడు. నా నాలుక చివర దురద పుట్టింది. దాన్ని పళ్ళ మధ్య నొక్కిపెట్టి, సరేనని తల వంచాను. పుట్టాక చెప్పిన ధరకు కొనడం అదే మొదలు. ఆయన పొట్లం కట్టబోతూ ఆగి, ఇంకో ముత్యం తీసి అందులో వేశాడు.

“దీన్ని ఒమాకె అంటాం,” అంది హరుకో గారు.

“మేం కొసరు అంటాం. కాకపోతే కొట్లాడి తీసుకుంటాం,” అన్నాను.

ఆ రోజు మలుపు దగ్గర నేను కూడా వెనక్కి తిరిగి వంగాను. ఆయన వంగాడు. నేను మళ్ళీ వంగాను. హరుకో గారు చెయ్యి పట్టి లాక్కెళ్ళకపోతే ఆ వంగడం తెగేది కాదు.

హైదరాబాద్ చేరాక, మా దుకాణంలో పేటలు గుచ్చే యూసుఫ్ భాయ్ ముత్యానికీ ముత్యానికీ మధ్య పట్టుదారంతో ముడి వేస్తూ, “నయా కౌన్సా, పురానా కౌన్సా, పతాచ్ నై చల్రా భాయ్,” అన్నాడు. కొత్తదేదో పాతదేదో ఆయనకే తెలియలేదట. మా వ్యాపారంలో అంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు.

పెద్దమ్మ రాకముందే మేడ మీది అట్టపెట్టెలు తీయించాను. ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి హారం ఇచ్చాను. మూడు పేటలూ వేళ్ళతో తడిమి, మెడలో వేసుకుని, అద్దంలో చాలాసేపు చూసుకుంది. కళ్ళు తుడుచుకుని పొట్లంలో మిగిలిన ముత్యం తీసింది.

“గిదేంది?”

“కొసరు పెద్దమ్మా. జపానాయన ఇచ్చిండు.”

“గంత దూరపోడు కొసరిచ్చిండు. నువ్వు గుచ్చిన కూలి వదులుకోవా?”

వదులుకున్నాను. ఆమె ముందు నా విద్యలేవీ పనికిరావు.

అంత పెద్ద ప్రయాణంలో నేను నేర్చుకుని వెంట తెచ్చుకున్నది ఒక్క అలవాటే. పెద్దమ్మ మెట్లు దిగి వెళ్తుంటే వెనకే దిగి, దుకాణం ముందు చేతులు జోడించి నిలబడ్డాను. పక్క దుకాణాలవాళ్ళు వింతగా చూశారు. ఆమె ఆటోల మధ్య నుంచి, గాజుల బండి పక్క నుంచి మెల్లగా నడిచింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగింది. నేనింకా అక్కడే ఉన్నాను. ఆమె చెయ్యి చప్పున మెడ మీదికి వెళ్ళింది. మూడు పేటలూ ఉన్నాయని చూసుకుని, సందంతా వినపడేలా అరిచింది:

“ఏంది బిడ్డా? గట్ల నిలబడ్డవ్? మల్ల బేరం యాదికొచ్చిందా?”