మడి కట్టుకుని బీరు కాచిన విశ్వనాథం గారు

సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్ తెలుగువారికి ఆత్మబంధువు, మా గురుతుల్యులు విశ్వనాథం గారు హఠాత్తుగా గుండె ఆగి పరమపదించారన్న వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యాను. ఆదివారమే కదా, తమ గరాజులో నిక్షేపంగా యాంబర్ ఏల్ బీరు కాస్తూ, గడప దాటబోయిన నన్ను గరిటె చూపించి ఆపింది! బుధవారానికి ఆయన లేరు.

ఆయన కోబాల్ అనే కంప్యూటర్ భాషలో పండితులు. వైటూకే గండం గట్టెక్కించడానికి సిడ్నీలో దిగిన మా కుర్రకారుకి పనీ, అన్నమూ, అద్దెగదీ చూపించిన దయామయులు. అయితే వారి అసలు విద్వత్తు ఆ తేనెరంగు బీరులో ఉంది. తలస్నానం చేసి, ఉతికి ఆరేసిన పంచె కట్టి, మడితో కాచేవారు. ఆవకాయ జాడీకి ఉన్న నియమాలన్నీ బీరు పులియబెట్టే ఆ ప్లాస్టిక్ డ్రమ్ముకీ ఉండేవి. "బీరుకి మడే ప్రాణమోయ్! ఒక్క అంటుచెయ్యి పడిందా, డ్రమ్ము డ్రమ్మంతా చెడుతుంది" అనేవారు. మేం నవ్వేవాళ్ళం. మా గదిలో మేం కాచుకున్నది వెనిగర్ అయ్యాక నవ్వడం మానేశాం.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఆఫీసంతా బెంగపడుతుంటే ఆయన బెంగ డ్రమ్ము మీదే. ఇంటికి ఫోన్ చేసేవారు. వారి అర్ధాంగి అన్నపూర్ణ ఆంటీకి ఈ వ్యాపకం అస్సలు గిట్టదు. "ఖర్మ! మడి కట్టుకుని చేసే పనేనా ఇది?" అని విసుక్కుంటూనే కార్డ్‌లెస్ ఫోన్ తీసుకెళ్ళి డ్రమ్ము మూత దగ్గర పెట్టేవారు. స్పీకర్లో బుడబుడ. "విన్నారా? ఈస్టు పని చేస్తోంది. సిస్టమ్స్ సంగతి తరవాత చూద్దాం" అంటుంటే ఆయన ముఖం వెలిగిపోయేది. మా మేనేజరు కూడా చెవి ఒగ్గి, "హౌ ఈజ్ ద బేబీ, మేట్?" అని అడిగేవాడు.

దహనసంస్కారం ముగిసిన నాలుగు రోజులకు ఆంటీ ఫోన్ చేశారు.

"చప్పుడు ఆగిపోయింది నాయనా. అంటే సీసాల్లో పొయ్యాలి కదూ? మేం మైలలో ఉన్నాం, ముట్టుకోకూడదు. ఆయన ఆఖరి కాపు పాడైపోతే నేను తట్టుకోలేను. నువ్వూ సలీమూ రండి."

హైదరాబాదు సలీం భాయ్ మా టీములోవాడే. మద్యం ముట్టడు. "నేనైతే తాగ ఆంటీ, గని కడుగుడు మంచిగొస్తది" అని మోచేతుల దాకా తోముకుని, సీసాలన్నీ మరిగే నీళ్ళతో కడిగాడు. నేను పోశాను. ఆంటీ గడప అవతలే నిలబడి, "పంచదార మరిచిపోకండి, నురగ రాదు. మెడ దగ్గర ఖాళీ ఉంచండి, ఆయన ఉంచేవారు" అని చెబుతూ వచ్చారు. గిట్టదన్న మనిషి ఇన్నేళ్ళూ అంతా చూస్తూనే ఉన్నారన్నమాట!

మొన్న వారి పెరట్లో స్నేహితులమంతా చేరి ఆ సీసాలు తెరిచాం. కమ్మని చేదు, చివర రవ్వంత తీపి. సలీం నిమ్మరసం పుచ్చుకున్నాడు. ఏడవడానికి వెళ్ళినవాళ్ళం ఆయన మాటలు తలుచుకుని పడీపడీ నవ్వాం. ఆంటీ లోపలికి వెళ్ళి, ఉతికి మడతపెట్టిన ఆయన పంచె తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మళ్ళీ ఎప్పుడు కాస్తారర్రా? ఆ బుడబుడ లేక ఇంట్లో నాకు నిద్ర పట్టట్లేదు."

గురువుగారూ, మీవంటివారు మాకు మళ్ళీ దొరకరు. మీ మడి నాకు పట్టుబడుతుందో లేదో తెలియదు. ఆదివారం తలస్నానం చేసి వస్తాను. ఈసారి గడప దాటనివ్వండి.