అయిదో ఫారం

వీధిలో అందరూ మా చిన్నాన్నను జిగురాయన అంటారు. పుస్తకాలు కుట్టి అట్టలు వేయడం ఆయన పని. ఎనిమిదో తరగతితో నా బడి ఆగినప్పటినుంచి కుట్టు పని నాది. పదహారు పేజీలుగా మడిచిన కాగితాన్ని మేము ఫారం అంటాం. చిన్నాన్న అందులో ఏముందో చదవడు. కింద అచ్చయిన అంకె చూసి వరుస పెడతాడు, అంతే.

ఆ వారం ఒకే సైజు పుస్తకాలు రెండు వచ్చాయి. ఒకటి మసీదు పెద్ద గురువుగారిది. ధర్మంలో తేల్చవలసినవన్నీ పూర్వపండితులు తేల్చేశారు, సొంతంగా ఆలోచించే తలుపు ఏనాడో మూసేశారు అని రాశారు. రెండోది కాలేజీ మాస్టారిది. బుద్ధినిచ్చింది దేవుడే, ఆ తలుపు మూసే హక్కు ఎవరికీ లేదని ఆయన వాదన. ఈ మాట అన్నందుకే కిందటి శుక్రవారం గురువుగారి శిష్యులు ఆయన్ను మసీదు మెట్లమీంచి తోసేశారు.

గురువుగారి పుస్తకాలు ఇచ్చేసి వచ్చాం. మాస్టారివి కుడుతుంటే గురువుగారి అయిదో ఫారం నా చేతికొచ్చింది.

"చిన్నాన్నా, ఇది ఇక్కడుందంటే మాస్టారి అయిదో ఫారం గురువుగారి పుస్తకంలోకి పోయినట్టే."

"రెండింటికీ అంకె అయిదే కదే," అన్నాడాయన. జిగురు కుంచె కింద పెట్టేశాడు.

"ఊరందరికీ అట్టలేశావు, నీ నోటికీ ఒకటి వేసుకో," అంది చిన్నమ్మ. "ఎవరు చూడొచ్చారు?"

"రేపు ఆ పుస్తకాలు పంచుతారు," అన్నాడు చిన్నాన్న. " అప్పుడు చూస్తే కావాలనే చేశాననుకుంటారు. కొట్లో ఉన్నదంతా కాగితమే. ఒక్క అగ్గిపుల్ల చాలు."

ఏ పుస్తకంలో కలిసిందో చదివి వెతకడానికి నా కళ్లు కావాలని నన్నూ తీసుకెళ్లాడు. గురువుగారు గదిలో ఒక్కరే ఉన్నారు. ఒళ్లో పుస్తకం తెరిచి ఉంది.

"దీనికోసమేనా వచ్చావు?" అన్నారు. "చదువుతుంటే మధ్యలో ఎవరో నాకు జవాబు చెబుతున్నారు."

"తప్పయిపోయింది గురువుగారూ. ఇలా ఇవ్వండి, విప్పి సరిగా కుట్టి తెస్తాను."

ఆయన ఇవ్వలేదు. వరండాలో చెప్పుల చప్పుడయింది. పుస్తకాన్ని గబుక్కున దిండు కిందికి తోశారు.

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదండీ."

"అనకు. అది నా దగ్గరే ఉండనీ."

ఆయన కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి. అంతలో పెద్ద శిష్యుడు లోపలికొచ్చాడు.

"ఏం జిగురాయనా, మళ్లీ వచ్చావు? ఇక్కడేమైనా అంటుకుపోయావా?"

చిన్నాన్న గురువుగారి వైపు చూశాడు.

"ఒక పుస్తకం తగ్గిందట. తెస్తాడులే," అన్నారు గురువుగారు. శిష్యుడు దిండు వైపు చూశాడో, నాకే అలా అనిపించిందో తెలియదు.

వీధి మలుపు తిరిగాక చిన్నాన్న ఒకసారి వెనక్కి చూశాడు.

"రెండు తిట్లు తిట్టి ఉంటే నిశ్చింతగా ఉండేవాణ్ణి," అన్నాడు. "తన శిష్యులకు ఆయనే భయపడుతుంటే ఇంక మనకెవరే దిక్కు?"