కిడ్నీలో రాయి అని చెప్పి పోయిన ఆపరేషన్

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు హోసూరు నుంచి వచ్చి, భోజనాల దగ్గర అందరూ కూర్చొని ఉండంగానే, రసం పోసుకుంటూ, వచ్చే నెల తాను బెంగుళూరులో ఆపరేషన్ చేయించుకుంటున్నానని, పొట్ట మీది కొవ్వు తీసి ఎదలో పెడతారని, ఆఫీసులో సెలవు కూడా చెప్పేసినానని చెప్పింది. అన్నం కలుపుతున్న చెయ్యి అట్లే ఆపి, ఇంక ఈ ఇంటి పైకప్పు లేచిపోతుందని చూసినాను. ఏమీ లేవలేదు. వాళ్ల నాయన పెరుగు గిన్నె ఇటు జరపమన్నాడు. వాళ్ల అత్తగారు ఆ ఆస్పత్రి దగ్గర కారు నిలిపేదానికి చోటుంటుందా అని మాత్రం అడిగింది. దాని మొగుడేమో, ఆ వారమంతా తానే పక్కన ఉంటానని, కంప్యూటరు తీసుకొనిపోయి ఆడనే పని చేసుకుంటానని చెప్పి అప్పడం విరుచుకున్నాడు.

ఏ విషయం దొరికినా ఒక వాదన పెట్టుకొనే మనిషినని నాకు ఊర్లో పేరుంది. ఆ పొద్దు దాని తరఫున వాదించేదానికి కొంగు బిగించుకొని కూర్చున్నాను గానీ, ఎదురు వాదనే రాకపోయేసరికి, నిజం చెప్తున్నాను, సంతోషంతో పాటు ఒకరకం కోపం కూడా వచ్చింది. ఎందుకంటే అదే ఆపరేషన్‌ను నేను చాలా ఏండ్ల కిందట చేయించుకున్నాను, అప్పుడు మా ఊరు బేరిగై నుంచి బెంగుళూరు దాకా ఉండే ఆ కాస్త దారి దాటేదానికి నేను పడిన అవస్థ కాశీకి నడిచిపోయేవాళ్లు కూడా పడి ఉండరు.

నా ఈడు ఆడవాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు. నేను చిన్నప్పటి నుంచి బక్కపలచని మనిషిని. కృష్ణగిరిలో కాలేజీకి పోయే రోజుల్లో బస్సులో మగపిల్లలు అనే మాటలు ఒక ఎత్తైతే, జాకెట్టు కొలత తీసుకుంటూ టైలరమ్మ, నేను అడగకుండానే, లోపల కొంచెం స్పాంజి పెట్టి కుడతాలే అని జాలిగా చెప్పడం ఇంకొక ఎత్తు. నా నోరు ఇంత పదునెక్కింది ఆ బస్సులోనే అని నా అనుమానం, ఎవరైనా ఒక మాట అనకముందే నేను రెండు అనేస్తే వాళ్ల కండ్లు నా మొహం దాటి కిందికి దిగవు కదా. తర్వాత పెండ్లి, ఇద్దరు బిడ్డలు, వాళ్లు పాలు మానేసరికి ఉన్నదీ పోయింది. నాకు జబ్బేమీ లేదు. గడ్డ లేదు, నొప్పి లేదు. నలుగురికి చెప్పుకొనేదానికి పనికొచ్చే కారణం ఒక్కటీ లేదు. నాకు కావాల, అంతే. ఆ "అంతే" అనే మాటను నోటితో అనేదానికి నాకు నలభై దాటినాయి.

ముందు మా ఇంటాయనకు చెప్పినాను. గులాబీ తోటలో మందు కొట్టి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న మనిషి, చెంబు పక్కన పెట్టి, "ఎవురికోసరం?" అని అడిగినాడు. తలకు రంగు వేసుకుంటే ఎవురికోసరమని ఎవురూ అడగరు, నువ్వు పన్ను కట్టించుకున్నప్పుడు నేను అడిగినానా అన్నాను. పన్ను నమిలేదానికని ఆయన అన్నాడు. ముందు పండ్లతో ఎవురు నములుతారయ్యా అని నేనన్నాను. వాదనలో నేనే గెలిచినాను, ఎప్పుడూ నేనే గెలుస్తాను, కానీ వాదనలో ఓడిపోయిన మొగుడు పక్కన వచ్చి కూర్చుంటాడని ఎక్కడా రాసిపెట్టి లేదు కదా. నీ ఇష్టం, చేయించుకో, నన్ను మాత్రం ఆ ఆస్పత్రిలో కూర్చోబెట్టొద్దు, ఎవురన్నా తెలిసినోళ్లు కనబడితే నేనేమి చెప్పేది అని తువ్వాలు భుజాన వేసుకొని లోపలికి పోయినాడు.

పూల వ్యాపారం నేనే చూసుకునేదాన్ని కాబట్టి బెంగుళూరుకు ఒక్కదాన్నే పోవడం నాకు కొత్త కాదు, అట్లా పోయినప్పుడే డాక్టరమ్మకు చూపించుకొని వచ్చినాను. ఆమె చెప్పిన జాగ్రత్తలు వింటే నవ్వొచ్చింది. తీసేదానికి పొట్ట మీదా తొడల మీదా కొవ్వు ఉండాల కాబట్టి కొంచెం ఒళ్లు చేసి రావాలంట, ఆపరేషన్ అయ్యేదాకా బరువు తగ్గకూడదంట, ఉపవాసాలు వద్దంట. కషాయాలు, నాటుమందులు, సొంతంగా వేసుకొనే నొప్పి మాత్రలు, అన్నీ ఆపెయ్యాలంట, రక్తం ఆగకుండా కారుతుందని. ముందు భాగంలో తెరుచుకొనే వదులు బట్టలు తెచ్చుకోవాలంట. అన్నిటికంటే ముఖ్యం, దగ్గరి మనిషి ఒకరు తోడు ఉండి తీరాలంట, లేకపోతే ఆపరేషన్ లేదంట. మిగిలినవన్నీ నేను చేయగలను. ఆ ఒక్క మనిషి యాడ దొరుకుతుంది?

ఊర్లో చెప్పేదానికి ఒక జబ్బు కావాల్సి వచ్చి కిడ్నీలో రాయి అన్నాను. మా పక్క బోరునీళ్లకు ఇంటికొకరికి ఆ రాయి ఉంటుంది, ఎవురూ అనుమానించరని నా తెలివి. అనుమానించలేదు, నిజమే, కానీ ఇంటికొకరికి ఉన్నప్పుడు ఇంటికొక వైద్యం కూడా ఉంటుందని నా చదువుకున్న బుర్రకు తట్టలేదు. పక్కింటి పెద్దమ్మ తెల్లవారంగానే అరటిదూట రసం చెంబుతో వాకిట్లో నిలబడేది. అత్తిముగం నుంచి మా చిన్నత్త ఏవో ఆకులు దంచి పంపింది. డాక్టరమ్మ వద్దన్నవన్నీ వెతికి వెతికి తెచ్చినట్లు తెచ్చినారు. ఎదురుగా నిలబడి తాగమనేవాళ్లకు పుక్కిట పట్టి, వాళ్లు అటు తిరగంగానే తులసికోట వెనక ఉమ్మేసేదాన్ని. తులసికోట వెనక ఉండే గన్నేరు ఆ ఏడు చాలా బాగా పూసింది.

అంతలో మా వదిన వచ్చింది. మా ఇంటాయనకు అక్క, గురుబరపల్లిలో ఇచ్చినారు. చిన్న వయసులోనే మొగుడు పోయి, నలుగురు బిడ్డలను ఒంటిచేత్తో సాకి, రాగి, టమాటా పండించుకుంటూ నిలబడిన మనిషి. మా ఇద్దరికీ నేను కాపురానికొచ్చిన రోజు నుంచే పడదు. చింతపండు పులుసు మీద మొదలైన వాదన పిల్లల చదువుల దాకా వచ్చింది గానీ తెగలేదు. ఆ పొద్దు పెరటాసి నెల శనివారం. ఇంట్లో అందరూ స్వామికి ఒంటిపూట ఉండే రోజు. వదిన ఉలవకట్టు క్యారియరు పట్టుకొని లోపలికి వచ్చేసరికి నేను వంటింట్లో గోడవారన కూర్చొని నెయ్యి వేసుకొని రాగిముద్ద మింగుతా ఉన్నాను. ఆమె క్యారియరు కింద పెట్టి, నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఏమ్మే, రాయి పెట్టుకున్నోళ్లు ఎండిపోతారు, నువ్వేందమ్మా గుమ్మడికాయ మాదిరి అవుతా ఉండావు?"

"డాక్టరమ్మ తినమనింది వదినా."

"శనివారం కూడానా? నీ కిడ్నీలో లేదు రాయి, నోట్లో ఉంది. అబద్ధం చెప్పేటప్పుడు అడ్డం పడతా ఉంది."

ఎందుకు చెప్పినానో ఇప్పటికీ తెలియదు. వారాల తరబడి అందరి ముందరా నడుము పట్టుకొని మూలిగి మూలిగి విసుగొచ్చిందేమో. కంచం పక్కన పెట్టి, మొత్తం చెప్పేసినాను. నవ్వితే నవ్వనీ, ఊరంతా చాటితే చాటనీ అనుకున్నాను, లోపల మాత్రం, ఈమె కూడా ఎవురికోసరం అని అడిగితే ఇంక ఆ మాట ఎత్తనని, ఆస్పత్రికి ఫోను చేసి వద్దని చెప్పేస్తానని అనుకుంటా ఉన్నాను.  వదిన క్యారియరు మూత తీసి, ఉలవకట్టును తనే గిన్నెలో పోసుకొని తాగడం మొదలుపెట్టింది.

"ఎవురొస్తారు తోడు?" అని అడిగింది చివరికి.

"ఎవురూ లేరు."

"వాడు?"

"రాడంట."

"వాడు రాడులే. నేనొస్తా. నాకు కన్నడం బాగా వస్తుంది, నువ్వు మాట్లాడితే ఆ నర్సులు నిన్ను ఆపరేషన్ చేయకుండానే పంపించేస్తారు." ఒక్క గుక్క తాగి, "ముద్దలో నెయ్యి ఇంకొంచెం వేసుకో" అంది.

ఆ తర్వాత ఏర్పాట్లన్నీ ఆమె చేతిలోకి పోయినాయి. ముందు తెరిచే బట్టలంటే ఏవో అనుకొని నేను హోసూరు అంగళ్లన్నీ తిరుగుతా ఉంటే, ఆమె, పోయిన తన మొగుడి చొక్కాలు పెట్టెలోనుంచి తీసి, ఉతికి, మడత పెట్టి తెచ్చింది. వదులుగా ఉంటాయి, గుండీలు ఊడిపోకుండా కుట్టినాను అంది. 

తెల్లవారి టౌను బస్సులో హోసూరుకు, ఆడనుంచి బెంగుళూరు బస్సు. అత్తిబెలె దాటేదాకా ఇద్దరం పులుసు గురించే వాదించుకున్నాము, భయం మరిచేదానికి నాకు తెలిసిన మందు అదొక్కటే, ఆమెకు అది తెలుసు. ఆస్పత్రిలో, పేషంటుకు మీరేమవుతారని అడిగితే, వదిన ఏమాత్రం తడుముకోకుండా అక్కనని చెప్పింది. డాక్టరమ్మ, పెట్టిన కొవ్వంతా నిలబడదు, కొంత కొన్ని నెలల్లో కరిగిపోతుందని చెప్తే, వదిన తల ఊపి, నాటిన టమాటా నారంతా బతుకుతుందా, కొంత పోతుంది, పోయేది లెక్కపెట్టుకొని ఇంకాస్త ఎక్కువ నాటుకుంటాము అని కన్నడంలో ఆమెకే ధైర్యం చెప్పింది. మత్తు దిగి కండ్లు తెరిచేసరికి పొట్టా తొడలూ రోకలితో దంచినట్లున్నాయి. పక్కన వదిన స్టూలు మీద కూర్చొని, నర్సుకు రాగిసంగటి చేసే విధానం చెప్తా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు కారు మాట్లాడుకున్నాము. రోడ్డు మీద హంపు వచ్చినప్పుడల్లా ఆమె నా పొట్టకు దిండు అడ్డం పెట్టి, డ్రైవరును వాడి వంశంతో సహా దీవించింది.

ఇంటికి వచ్చిన మరుసటి రోజే చూసేదానికి జనం మొదలయినారు. బ్రెడ్డు, కమలాపండ్లు, హార్లిక్సు. అత్తిముగం చిన్నమామ కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చొని, "రాయి యాడమ్మా, చూపించు" అన్నాడు. మీకు తెలుసో లేదో, మా పక్క తీసిన రాయిని సీసాలో పెట్టి ఇస్తారు, దాన్ని ఇంటికి తెచ్చి పిల్లలు గెలిచిన కప్పుల పక్కన అద్దాల బీరువాలో పెట్టుకుంటారు.  ఎంత వాదించినా లేని రాయిని తెచ్చేది ఎట్లా? వదిన తాపీగా లేచి, "ఆడ పెట్టినానులే" అంటూ వంటింట్లోకి పోయి, కండ్లమందు సీసా ఒకటి పట్టుకొని వచ్చింది. లోపల చిన్న నల్లరాయి. రాగులు చెరిగేటప్పుడు తీసిపారేసే రాయి. "డాక్టరమ్మ శుభ్రంగా కడిగి ఇచ్చింది" అని మామ చేతిలో పెట్టింది. సీసా చేతులు మారింది. మామ వెలుగులో తిప్పి తిప్పి చూసి, నాకు తీసింది దీనికి రెండింతలుంటుంది అని పెదవి విరిచినాడు. నాకేమో పొట్ట కదిలితే ప్రాణం పోతుంది, నవ్వు ఆపుకోలేను, దిండు కరుచుకొని గోడ వైపు తిరిగితే, పాపం ఎంత నొప్పో అని పెద్దమ్మ కండ్లు తుడుచుకుంది.

ఆ వారమంతా వదిన మా ఇంట్లోనే ఉంది. తొడలకూ పొట్టకూ వేసుకోవాల్సిన బిగుతు పట్టీ ఒకటి ఇచ్చినారు, దాని హుక్కులు పెట్టడం నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. నా ఇద్దరు బిడ్డలు పుట్టినప్పుడూ నడికట్టు కట్టింది ఆమే, అదే చేతులతో, అదే బిగువుతో ఇదీ కట్టేది. ఒక పొద్దు అట్లా వెనకనుంచి హుక్కులు పెడుతూ పెడుతూ, గొంతు ఎత్తకుండా, "నా వయసోళ్లకు కూడా చేస్తారామ్మే ఇది?" అని అడిగింది.

ఆమె మొహం నాకు కనబడలేదు. చేస్తారు వదినా, ఒంట్లో బాగుంటే చేస్తారు, పోదామా అన్నాను. చేతులు ఒక్క క్షణం ఆగినాయి. మళ్లీ హుక్కు దొరికింది.

"ఊరికే అడిగినాలే. తీసేదానికి మాత్రం నా దగ్గర నీకంటే ఎక్కువే ఉంది" అని నా వీపు మీద ఒక చరుపు చరిచి, పాలు పొంగుతా ఉన్నాయని లేచి పోయింది. తర్వాత నేను ఆ మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒక వాదన తెచ్చి దాని మీద కప్పేసేది. నాతో ఇంత కాలం వాదించింది కదా, ఎట్లా కప్పాలో బాగా తెలుసు.

నాటింది ఎంత నిలబడిందంటే, నాకు చాలినంత. పని చేసుకుంటూ ఇంట్లో తిరుగుతా అద్దం ముందర ఒక్క క్షణం నిలబడి పోయేంత.

నిన్న వదినకు ఫోను చేసి, పిల్ల సంగతి చెప్పినాను. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి గురుబరపల్లి దాటి రాదు. నొప్పి ఇప్పుడైనా తక్కువా అని అడిగింది, ఎవురు పోతారు తోడు అని అడిగింది. మొగుడు పోతాడని చెప్తే, "మొగుడా?" అని రెండుసార్లు అడిగింది. ఆపరేషన్ కంటే ఆ మాటే ఆమెకు పెద్ద వింత.

ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను, ఎవరైనా ఆ కాలమే బంగారమంటే వాళ్లతో ఇప్పుడే వాదనకు దిగుతాను. భోజనాల దగ్గర రసం పోసుకుంటూ చెప్పుకొనే ఈ పిల్లల కాలమే మేలు. పొద్దున నుంచి ఒకటే ఆలోచన మాత్రం వదలడం లేదు. మా వదిన ఇంకొంచెం ఆలస్యంగా పుట్టి ఉంటే బాగుండేది. అప్పుడు ఆపరేషన్ ఆమెకు, బెంగుళూరు బస్సులో కిటికీ పక్క సీటు ఆమెది, చొక్కాల సంచి ఒళ్లో పెట్టుకొని, ఎవరైనా అడిగితే ఏ జబ్బూ చెప్పకుండా ఉన్న మాటే చెప్తూ, పక్కన కూర్చునేది నేను.