పూతకొదిలిన కొత్తిమీర

నేను ఐదో తరగతి మూడేండ్లు చదివినాను. ఒక తరగతిని అంత క్షుణ్ణంగా చదివినోడు మా యలహంకలో ఇంకొకడు లేడు. చివరికి అయ్యవారే మా నాయనను పిలిచి, "బెంచీ అరిగిపోతా ఉండాది, వీణ్ణి తోటకు పిలుచుకుపోప్పా" అన్నాడు.

అట్లా తోటకొచ్చినోణ్ణి, పెండ్లయిన ఏడాదికి ఒక నేరం చేసినాను. మా క్యాబేజీ మడి పక్కన మూడు సాళ్ళు కొత్తిమీర ఉండేది. కొత్తిమీరను పూత రాకముందే పీకి, కట్టలు కట్టి, మార్కెట్టుకు వేయాల. పూతకొదిలితే ఇంటికి తలవంపు. దోవన పోయేవాళ్ళు "ఏమప్పా, పూలతోట పెట్టినారా?" అని ఎత్తిపొడుస్తారు. నేను టెంటు సినిమా చుట్టూ తిరిగొచ్చేసరికి మూడు సాళ్ళూ తెల్లగా విరబూసినాయి.

అప్పుడే క్యాబేజీకి పేనుబంక పట్టింది. ఆకులమీద బూడిద చల్లినట్టుగా పురుగు. నాయన మందు డబ్బా కొనుక్కొచ్చినాడు.

"రేపు పౌడరు చల్లుతా. ఆ కొత్తిమీర పీకి ఆవుకెయ్. ఈ పంట పోయిందా, నువ్వు మిల్లులో కూలికి పో. మేస్త్రీతో మాట్లాడినా."

మిల్లంటే నాకు గుండెదడ. బడి గోడలకే ఊపిరాడనోణ్ణి. తోటపని తప్ప నాకేమీ రాదు, దానిమీదే నాకు ప్రాణం. అందుకని పొద్దున్నే ఆకాకూ తిప్పి, కనిపించిన పురుగునల్లా గోటితో నలపడం మొదలుపెట్టినాను. నల్లగా, నారింజ మచ్చలతో, చిట్టి మొసళ్ళ మాదిరి కొన్ని పాకుతున్నాయి. దొంగలు ఇవేననుకున్నాను.

కలుపు తీస్తున్న నా భార్య చూసి కేకేసింది. "ఏమయ్యా, దొంగల్ని వదిలి పోలీసోళ్ళను చంపుతుండావే!"

ఒక ఆకు తిప్పి చూపింది. ఆ మొసలిపిల్ల పేనుబంకను ఒక్కొక్కటే పట్టి నములుతోంది.

"ఇవి పెద్దయితే ఎర్రగా, నల్లచుక్కలతో ఉండే అక్షింతల పురుగులు. మా పుట్టింటి అనపచేనులో చూసినా. పెద్దవి ఆ కొత్తిమీర పూలమీద మూగుతుండాయి. పూలపక్కనుండే క్యాబేజీ చూడు, ఆ కొసన ఉండేది చూడు."

చూసినాను. పూలపక్క నాలుగు వరసలు నవనవలాడుతున్నాయి. దూరంగా ఉన్నవన్నీ బూడిద.

"నాయనా, మందు ఎనిమిది రోజులు ఆపు" అన్నాను. నాకు ఎండదెబ్బ తగిలిందేమోనన్నట్టు చూసినాడు. అయినా వచ్చి, ఆకు ముందు గొంతుక్కూచుని, బీడీ వేళ్ళు కాల్చేదాకా అట్లే చూసినాడు.

"ఎనిమిదే. తొమ్మిదో రోజు మిల్లు."

మొసలిపిల్లలున్న ఆకులను ఇద్దరం కొస వరసలకు మోసినాము. పీకాల్సిన కొత్తిమీరకు నేనే నీళ్ళు కట్టినాను. పూలమీద చారల ఈగలూ, చీమంత కందిరీగలూ చేరినాయి, అవీ పోలీసోళ్ళేనంట. ఎనిమిదో పొద్దుకు పేనుబంక సగం ఎండి పొట్టయింది, కొత్త ఆకు శుభ్రంగా లేచింది. నాయన డబ్బా మూత తీయకుండానే అటకమీద పెట్టేసినాడు. ఆ ఏడాది క్యాబేజీ గడ్డలు నా తలకాయంత గట్టిగా వచ్చినాయి. కాకపోతే వాటిలో సరుకుండింది.

మరుసటేడు కావాలనే ప్రతి గట్టుమీదా కొత్తిమీర చల్లినాను, ఒక సాలు పూత అయిపోతూనే ఇంకో సాలు పూసేటట్టు. ఎత్తిపొడిచినవాళ్ళే చూసేదానికి వచ్చినారు. ఆపొద్దు నేను నేలమీద లేను. తువ్వాలు భుజాన వేసుకుని, "పూతకు ఎప్పుడొదలాలో కనిపెట్టేదానికి తెలివి కావాలప్పా!" అన్నాను.

పక్కన పాదులు తీస్తున్న నాయన తలెత్తకుండానే అన్నాడు:

"తెలివి కోడలిది, సోమరితనం నీది. ఇంక ఈ తోట నీదేరా. కానీ సోమరితనం మాత్రం ఆయమ్మనడిగి చెయ్."